అవిసె నూనె, తేనెమైనం పూత: పసిపిల్లల చెక్క బొమ్మలకు పనికొస్తుందా?

పసిపిల్ల చేతిలోని గిలక్కాయ చేతిలో కంటే నోట్లోనే ఎక్కువసేపు ఉంటుంది. అందుకే పూత డబ్బా కొనేముందు దాని వాసన, మెరుపు కాదు, వెనక రాసిన పదార్థాల పట్టీ చూడాలి. ముడి అవిసె నూనె, తేనెమైనం, ఈ రెండే ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు. మూడోది కనిపిస్తే అదేమిటో తేలాకే మూత తియ్యండి. ‘మరిగించిన అవిసె నూనె’ అని ఉంటే మాత్రం వద్దు. పేరుకే మరిగించడం. త్వరగా ఆరాలని అందులో సాధారణంగా కోబాల్ట్, మాంగనీసు లాంటి లోహ లవణాలు కలుపుతారు. ‘సహజమైనది’ అన్న ఒక్క మాట చూసి నమ్మకండి.

ఈ పూతలో మాకు బాగా నచ్చింది, ఇది పెచ్చులుగా ఊడదు. నూనె చెక్కలోకి ఇంకి, గాలి తగిలి లోపలే గట్టిపడుతుంది. వార్నిష్‌లా పైన పొరకట్టదు కాబట్టి బిడ్డ కొరికినా నోట్లోకి రేకులు రావు. పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ ఎప్పటికీ గట్టిపడదు, చొంగకు మెల్లగా పోతుంది. మామూలు వంటనూనెలు కొన్నాళ్ళకు కనరు వాసన వేస్తాయి. అక్రోటు నూనె ఆరుతుంది గానీ, ఆ గింజలు పడని పిల్లలుంటారు.

లోపాలూ ఉన్నాయి. ఆరడానికి చాలా కాలం పడుతుంది, తెల్లటి చెక్కకు పసుపు ఛాయ వస్తుంది, నీళ్ళలో నానితే తట్టుకోదు.

పూసే పద్ధతి దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. ముందు 120, తర్వాత 180, 240 నంబరు ఉప్పు కాగితంతో రుద్దాలి. అప్పుడు తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. నునుపుగా ఉందనుకున్న చెక్క మీద సన్నటి నూగు లేచి చేతికి గరగరలాడుతుంది. బిడ్డ చొంగకు లేవాల్సిన నూగు అది, ముందే లేపేశాం. దాన్ని 320తో తీసేయాలి. ఈ మెట్టు దాటవేస్తే ఎంత మంచి పూతైనా వారానికే గరుకెక్కుతుంది.

అరచేతిలో పట్టే రింగుకు బఠాణీ గింజంత పూత చాలు. గుడ్డతో రుద్ది, ఇరవై నిమిషాలాగి, మిగిలిందంతా పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. అడ్డంగా కోసిన ముఖాలు నూనె ఎక్కువ తాగుతాయి, అక్కడ ఇంకోసారి అద్దండి. రోజు గడిచాక చేతికి అంటకపోతే రెండో పూత. బొమ్మ జిగురుగా తయారైందంటే డబ్బాది తప్పు కాదు, పూత మందమైంది. పైపొర మాత్రమే గట్టిపడి, గాలి అందక కింద నూనె పచ్చిగానే ఉండిపోతుంది. ముట్టుకుంటే పొడిగా ఉన్నంత మాత్రాన లోపల ఆరినట్టు కాదు. గాలి ఆడేచోట మూడు, నాలుగు వారాలు ఉంచాలి. తెల్లటి తడిగుడ్డతో గట్టిగా రుద్దినప్పుడు మరక, నూనె వాసన అంటకపోతేనే బిడ్డకివ్వండి.

నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడి ఆ ఉండలో చిక్కుకుని గుడ్డలు వాటంతటవే అంటుకోవచ్చు. ఆరుబయట విడదీసి పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

ఈ పూత చెక్కలోని తప్పుల్ని కప్పదు. పగులు, వదులు ముడి, లేచిన పేడు ఉన్న ముక్కను ముందే పక్కన పెట్టాలి. మేపుల్, బీచ్ లాంటి సన్నటి రంధ్రాల గట్టి చెక్క మేలు. రోజ్‌వుడ్ జాతులు కొందరి చర్మానికి పడవు, నోట్లో పెట్టుకునే బొమ్మకు అసలే వద్దు. కొలత మరీ ముఖ్యం. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో గొంతుకు అడ్డుపడే చిన్న ముక్కలున్నాయా అని పరీక్షించే గొట్టం లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడే ముక్క విడిగా ఉండకూడదు, లాగితే ఊడి రాకూడదు.

అతుకులుంటే జిగురు పెట్టడం ముందు, నూనె తర్వాత. నూనె తాగిన చెక్కకు జిగురు పట్టదు. మైనం మీద రంగు కూడా నిలవదు, కాబట్టి రంగుల బొమ్మలకు ఇది కొనకండి. వాడుతున్న బొమ్మను తడిగుడ్డతో తుడిచి వెంటనే పొడిగా ఒత్తండి. చెక్క తెల్లబారి ఎండినట్టు కనిపిస్తే మళ్ళీ ఒక పలుచని పూత వేసి, మళ్ళీ అన్ని వారాలూ ఆరనివ్వాలి.