సింగిల్‌బీమా, మల్టీబీమా, సైడ్‌స్కానా: సముద్రం అడుగు కొలవడానికి ఏది మేలు?

చెన్నైలో ఉండి సముద్ర సర్వే పని చేసే తెలుగువాళ్ళు తక్కువేం కాదు. కాసిమేడులో బోటు మాట్లాడుకోవడం, ఎన్నూరు, కాట్టుపల్లి పోర్టుల చుట్టూ తిరగడం మాకు రోజూ ఉండేదే. ఎక్కడో డ్రెడ్జింగ్ (అడుగున పూడిక తవ్వే) పని వచ్చిందంటే చాలు, నెల్లూరు నుంచో కృష్ణపట్నం నుంచో ఫోన్ వస్తుంది: "అన్నా, సింగిల్‌బీమ్‌తో లాగించేయొచ్చా, మల్టీబీమ్ పెట్టాల్సిందేనా?" ఈ మధ్య కాలేజీ పిల్లలు కూడా ఇదే అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకసారి వివరంగా రాస్తే మంచిదనిపించింది. సింగిల్‌బీమ్, మల్టీబీమ్, సైడ్‌స్కాన్ మూడూ నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో అడుగును చూసే సోనార్ పరికరాలే.

ముందు సింగిల్‌బీమ్ తరఫున చెప్పాల్సింది చెబుతాను. బోటు కింద శబ్దం పంపి ప్రతిధ్వని వినే ట్రాన్స్‌డ్యూసర్ ఒకటి ఉంటుంది, శబ్దం నిటారుగా కిందికి పోయి తిరిగొస్తుంది, పట్టిన టైమును బట్టి లోతు. చిన్న ఫైబర్ బోటుకు కూడా బిగించుకోవచ్చు. డేటా కొద్దిగానే వస్తుంది, సాయంత్రానికల్లా చార్టు చేతికొస్తుంది. ఇక రెండు ఫ్రీక్వెన్సీలున్న మెషిన్ అయితే బురద నేలల్లో దాని విలువే వేరు. 200 కిలోహెర్ట్జ్ శబ్దం మెత్తటి బురద పైభాగం నుంచే తిరిగొచ్చేస్తుంది. 33 కిలోహెర్ట్జ్ ఆ బురదలోకి దిగి గట్టి పొర దాకా పోతుంది. రెండు గీతల మధ్య తేడా చూస్తే పైన ఎంత మెత్తటి బురద పేరుకుందో అంచనా తెలుస్తుంది. డ్రెడ్జింగ్ బిల్లు దగ్గర గొడవలు మొదలయ్యేది కూడా ఆ రెండు గీతల మధ్యే.

దాని లోటు కూడా దాచాల్సిన పని లేదు. ఎనిమిది డిగ్రీల బీమ్ (శబ్దపు పుంజం) 15 మీటర్ల లోతులో అడుగున రెండు మీటర్ల వెడల్పు మాత్రమే చూస్తుంది. లైన్లు (బోటు నడిచే దారులు) 20 మీటర్ల దూరంలో వేస్తే మధ్యలో మిగిలిన 18 మీటర్లు ఎవరూ చూడనట్టే. చార్టు మీద అక్కడ కనిపించే గీతలు సాఫ్ట్‌వేర్ ఊహించి వేసినవి. ఆ ఖాళీలో తెగిపోయిన లంగరో, కాంక్రీటు దిమ్మో పడి ఉన్నా తెలియదు. ఎన్నూరుకు వచ్చే బొగ్గు ఓడల లాంటి వాటికి అడుగున మిగిలే నీరు కొద్దిగానే ఉంటుంది. అలాంటి చోట ఈ ఖాళీలను ఒప్పుకోకూడదు. అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ సంస్థ 2020లో తెచ్చిన ఎస్-44 అనే సర్వే ప్రమాణాల పత్రం ఆరో ఎడిషన్ కూడా ఇదే చెబుతుంది: స్పెషల్ ఆర్డర్ (ఇలాంటి చోట్లకు పెట్టిన కఠినమైన తరగతి) సర్వే అంటే అడుగు నూటికి నూరు శాతం కవర్ కావాలి, పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో మీటరే ఉన్న వస్తువైనా దొరకాలి.

మల్టీబీమ్ ఆ ఖాళీలను మూసేస్తుంది. వందల బీములు రెండు పక్కలకీ విసనకర్రలా విచ్చుకుంటాయి. 120 డిగ్రీల కోణం తీసుకుంటే లోతుకు దాదాపు మూడున్నర రెట్ల వెడల్పు ఒకేసారి వస్తుంది. 15 మీటర్ల లోతులో 50 మీటర్ల పట్టీ అన్నమాట. అదే మూడు మీటర్ల లోతుకు వస్తే పట్టీ పది మీటర్లే, పైగా అంత ఖరీదైన సోనార్ హెడ్‌ను ఇసుకకు తగలకుండా కాపాడుకోవాలి. అడయార్, కూవం నదుల ముఖద్వారాల్లో, పులికాట్ లాంటి లోతులేని సరస్సులో మల్టీబీమ్ గురించి ఆలోచించకండి. అక్కడ సింగిల్‌బీమే దిక్కు.

ఖర్చు సంగతి మీకు తెలిసిందే: సింగిల్‌బీమ్ లక్షల్లో అయిపోతుంది, మల్టీబీమ్ బోటు ఊపును కొలిచే మోషన్ సెన్సర్‌తో సహా అన్నీ కలిపితే కోటి దాటడం మామూలే. అందరూ లెక్క వేసుకునేది ఇదే. నా మటుకు నాకు తేల్చే విషయం ఖర్చు కాదు, నీళ్ళలో శబ్దం వేగం. దాన్ని కొలిచే ఓపిక మీ టీముకు ఉందా లేదా అన్నదాన్ని బట్టే నేను సలహా చెబుతాను.

సముద్రంలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుందని పుస్తకాల్లో ఉంటుంది. మన తీరంలోని వెచ్చటి నీళ్ళలో అది 1540 దాకా పోతుంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే రెండు మీటర్లకు పైగా, లీటరుకు ఒక గ్రాము ఉప్పు మారితే మరో మీటరు తేడా. సింగిల్‌బీమ్‌లో దీనికి మందు సులువు. ట్రాన్స్‌డ్యూసర్ కింద ఇనుప పలకను గొలుసుతో దించుతారు. రెండు మీటర్ల గుర్తు దగ్గర ఆపి రీడింగ్ చూస్తారు, తర్వాత నాలుగు, ఆరు... స్క్రీన్ మీద లోతు గొలుసు గుర్తుతో కలిసేదాకా వేగం సర్దుతారు. బార్ చెక్ అంటే అంతే. శబ్దం నిటారుగా పోతుంది కాబట్టి ఆ సవరణతో పని జరుగుతుంది.

మల్టీబీమ్‌లో పక్కకు పోయే బీములు ఏటవాలుగా పోతాయి. వేగం మారే పొర దాటగానే అవి వంగుతాయి, గ్లాసు నీళ్ళలో పెట్టిన చెంచా వంగినట్టు కనిపిస్తుందే, అలా. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీరంలో ఇది బాగా కనబడుతుంది. ఆ నెలల్లో తీరప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి మళ్ళి, గంగ దగ్గర్నుంచి గోదావరి, కృష్ణల దాకా సముద్రంలో కలిసిన వరద నీటిని చెన్నై వైపు మోసుకొస్తుంది. పైన ఉప్పు తక్కువున్న నీటి పొర, కింద ఉప్పునీరు. రెండింట్లో శబ్దవేగం సెకనుకు పది మీటర్ల దాకా తేడా రావచ్చు.

పై పొరలో కొలిచిన వేగాన్నే మొత్తం లోతుకు వాడేశారనుకుందాం. 15 మీటర్ల లోతులో ఆ పది మీటర్ల తేడాకు లెక్క కడితే, పట్టీ మధ్యలో అడుగు 10 సెంటీమీటర్లు పైకి, 60 డిగ్రీల అంచుల్లో 20 సెంటీమీటర్లు కిందికి కనిపిస్తుంది. అంటే అంచుల్లో లేని లోతు ఉన్నట్టు చార్టులోకి ఎక్కుతుంది. ఓడ నడిపేవాళ్ళకు ఇంతకన్నా చెడ్డ తప్పు ఉండదు. స్పెషల్ ఆర్డర్ ప్రకారం ఆ లోతులో అన్ని తప్పులూ కలిపి 27 సెంటీమీటర్లు దాటకూడదు, ఈ ఒక్కటే 20 తినేస్తే ఆటుపోట్లకు, అలల ఊపుకు మిగిలేదెంత?

మందు లేకపోలేదు. సౌండ్ వెలాసిటీ ప్రోబ్‌ను తాడు కట్టి అడుగు దాకా దించి పైకి లాగితే పొరపొరకూ వేగం తెలుస్తుంది. ఐదు, పది నిమిషాల పని. పొద్దున ఒకసారి, ఎండెక్కాక ఒకసారి, చోటు మారినప్పుడల్లా ఒకసారి దించాలి. థర్మల్ ప్లాంట్ల నుంచి వేడి నీరు కలిసే ఎన్నూరు వైపు ఇంకా తరచుగా. కానీ బోటు ఆపాలి, డీజిల్ మీటర్ తిరుగుతుంటుంది, క్లయింటు తొందరపెడుతుంటాడు. అందుకే చాలా చోట్ల పొద్దున దించిన రీడింగ్‌నే సాయంత్రం దాకా వాడేస్తారు. తర్వాత ఆఫీసులో పక్కపక్క లైన్లు కలిసే చోట లేని గట్లు, గుంతలు కనిపిస్తే వాటిని సాఫ్ట్‌వేర్‌లో నున్నగా దువ్వేస్తారు. అలా దువ్విన మల్టీబీమ్ కంటే బార్ చెక్ సరిగ్గా చేసిన సింగిల్‌బీమ్ వెయ్యి రెట్లు నయం, ఎందుకంటే దాని ఖాళీలు కనీసం కళ్ళకు కనిపిస్తాయి.

ప్రోబ్ దించే క్రమశిక్షణ ఉంటే మాత్రం, ఏడెనిమిది మీటర్ల లోతు దాటిన ప్రతిచోటా నా ఓటు మల్టీబీమ్‌కే.

సైడ్‌స్కాన్ లోతు చెప్పదు, ఫొటో లాంటి బొమ్మ ఇస్తుంది. కేబుల్ కట్టి బోటు వెనక లాగే సోనార్ (దాన్ని 'చేప' అంటాం) నేలకు దగ్గరగా వెళ్తుంది కాబట్టి చిన్న వస్తువు కూడా వెనక నీడ వేసి పట్టుబడుతుంది. ఏదైనా వెతకాలంటే ఇలా నేలకు దగ్గరగా వెళ్ళే సోనారే కావాలి. 2016 జులైలో తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరి 29 మందితో గల్లంతైన వైమానిక దళం ఏఎన్-32 విమానం గుర్తుందా? అందులో విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు ఎనిమిది మంది ఉన్నారు. దాని శకలాలు దొరికాయని 2024 జనవరిలో ప్రకటించారు. చెన్నై పళ్ళికరణైలోని ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్ళ మనుషుల్లేని జలాంతర వాహనం 3,400 మీటర్ల లోతులో పట్టుకుంది, మల్టీబీమ్‌తో పాటు అడుగును సన్నటి వివరాలతో బొమ్మ తీసే సింథటిక్ అపర్చర్ సోనార్, ఫొటోలు వాడి. అంత లోతులో ఓడ మీది ఒక డిగ్రీ బీమ్ అడుగున దాదాపు 60 మీటర్ల మచ్చ అవుతుంది, అందులో విమానం ముక్క ఎక్కడ తేలుతుంది? అందుకే సోనార్‌నే కిందికి పంపాలి.

మన తీరంలో సైడ్‌స్కాన్‌కు పెద్ద శత్రువు వలలు. చేప వాటికి తగిలిందంటే కేబుల్ తెగుతుందేమోనని ఒకటే టెన్షన్. మరపడవల నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్య పని పెట్టుకుంటే కొంత నయం, అయినా చిన్న పడవల వలలు ఉంటూనే ఉంటాయి.

ఇవి కాక, ప్రతిధ్వని వచ్చిన కోణాన్ని కూడా కొలిచే ఇంటర్‌ఫెరోమెట్రిక్ సోనార్ తక్కువ లోతులో వెడల్పు ఎక్కువిస్తుంది, డేటాలో రొద కూడా ఎక్కువే. సబ్‌బాటమ్ ప్రొఫైలర్ నేల కింది పొరల కోసం, ఈ పోటీలోకి రాదు.

పని ఇచ్చేవాళ్ళు మీరే అయితే మెషిన్ బ్రాండు గురించి వాదించకండి. ప్రోబ్ ఎన్నిసార్లు, ఏ టైముకు, ఎక్కడ దించారో ఆ లాగ్‌ను, దువ్వని ముడి డేటాను రిపోర్టుతో పాటు ఇవ్వాలని కాంట్రాక్టులో రాయించండి. ఆ షరతు చూసి నసిగే టీముకు మల్టీబీమ్ పని ఇవ్వకండి, దగ్గర దగ్గర లైన్లతో సింగిల్‌బీమ్ చేయించి, పక్కన సైడ్‌స్కాన్ పెట్టించుకోండి.