మామ్మ కోసం కొన్న ఎయిర్ బెడ్: ఎంతవరకు పనికొచ్చింది

మామ్మకి తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చుకున్న దగ్గర్నుంచి మా ఇంట్లో రాత్రీపగలూ నడుస్తున్న వస్తువు ఎయిర్ బెడ్. ఆసుపత్రిలో దీన్నే ఆల్ఫా బెడ్ అన్నారు, సర్జికల్ షాపులో ఏ పేరుతో అడిగినా ఇస్తారు. ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లున్న చుట్టాలు, ఇరుగుపొరుగు అందరూ నన్ను అడుగుతున్నది ఒకటే, అది నిజంగా పనిచేస్తుందా, డబ్బులు దండగా అని. పనిచేస్తుంది, కొనండి. అయితే షాపులో చెప్పిన ప్రతి మాటా నమ్మి కొంటే మాత్రం పెద్దవాళ్ల ఒంటికే ముప్పు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మేం కొన్నది బుడగల రకం. రాజమండ్రి దానవాయిపేటలో ఆసుపత్రుల మధ్య ఉన్న ఒక సర్జికల్ షాపులో తీసుకున్నాం, రెండున్నర వేల పైచిలుకు అయింది. పెట్టెలో మడతపెట్టిన ప్లాస్టిక్ పరుపు, చిన్న పంపు, రెండు గొట్టాలు, పంక్చర్ పడితే అంటించుకోవడానికి చిన్న ముక్కలూ జిగురూ ఉంటాయి. పరుపు నిండా వరసలుగా బుడగలుంటాయి. పంపు ఒక వరసలోకి గాలి నింపుతూ పక్క వరసలోది వదిలేస్తుంది, పది పన్నెండు నిమిషాలకి అటుది ఇటు మారుతుంది. అంటే ఒంట్లో ఏ చోటా అదే పనిగా ఒత్తిడి పడకుండా మారుతూ ఉంటుందన్నమాట. కదలకుండా పడుకున్న మనిషికి ఎముక మీద చర్మం పల్చగా ఉన్న చోట, నడుం కింది ఎముక దగ్గర, తుంటి పక్కన, మడమల దగ్గర రక్తం ఆడక చర్మం చచ్చి పుండవుతుంది. ముసలి ఒంట్లో అది మొదలైందంటే మానడానికి నెలలు పడుతుంది. దానికి అడ్డం వేయడానికే ఈ పరుపు.

షాపులో అతను బిల్లు రాస్తూ "ఇది వేసేశాక ఇంక మీరు తిప్పక్కర్లేదండీ, అదే చూసుకుంటుంది" అన్నాడు. ఈ ఒక్క మాట మీద నాకు చాలా కోపం ఉంది. డిశ్చార్జి చేసేటప్పుడు నర్సు గారు నాన్నని, నన్ను పక్కన నిలబెట్టి, ఏ పరుపు వేసినా సరే రెండు గంటలకోసారి పక్క మార్చాల్సిందే అని గట్టిగా చెప్పారు కాబట్టి సరిపోయింది. ఆ మాట చెప్పేవాళ్లు లేని ఇంట్లో షాపువాడి మాటే వేదమవుతుంది, పాపం ఆ పెద్దావిడ వీపు పుండుపడిపోతుంది. ఎయిర్ బెడ్ ఉన్నా పక్క మార్చాలి. మనం మార్చడం కాస్త ఆలస్యమైనప్పుడు, రాత్రి మూడింటికి అలారం వినపడకుండా నిద్రపట్టేసినప్పుడు అది మనల్ని ఆదుకుంటుంది. నా దృష్టిలో దాని విలువంతా రాత్రిపూటే ఉంది.

ఇక మంచం. ఇది పరుపు మీద వేసే పరుపు, అడుగున గట్టిగా చదునుగా ఉండాలి. మామ్మకి పెళ్లప్పటి నుంచి నవారు మంచమే అలవాటు, దాని మీదే వేయమని గొడవ. నవారు మధ్యలో కుంగుతుంది, బరువంతా నడుం దగ్గరికే చేరుతుంది, అక్కడ బుడగలు పూర్తిగా అణిగిపోయి ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. నులక మంచమైనా అంతకంటే నయమేమీ కాదు. చెక్క మంచం, దాని మీద మూడు నాలుగు అంగుళాల మామూలు పరుపు, ఆ పైన ఇది, చాలు. మేం తల వైపు ఎత్తుకునే వీలున్న ఆసుపత్రి మంచం నెల అద్దెకి తెచ్చాం, అన్నం పెట్టడానికి అది చాలా సుఖంగా ఉంది. తినేటప్పుడూ, తిన్నాక ఒక అరగంటా ముప్పావుగంటా బాగా ఎత్తి ఉంచాలి, లేకపోతే పొలమారుతుంది. మిగతా సమయంలో తల వైపు మరీ ఎత్తకూడదు, ఎత్తితే మనిషి కిందికి జారుతూ ఉంటుంది, ఆ జారుడుకి చర్మం లోపల్లోపల లాగేసినట్టై పుండుకి అదే మొదలవుతుంది.

పరుపు మీద ఏం పరుస్తున్నామనేది అందరూ తేలిగ్గా తీసుకునే విషయం. ఒక పల్చటి నూలు దుప్పటి, అంతే, అది కూడా బిగించి లాగి కట్టకుండా వదులుగా. మా ఇంటికి చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ "అయ్యో ప్లాస్టిక్ మీద పడుకోబెట్టారేంటి, బొంత వెయ్యండి" అన్నవాళ్లే. బొంత వేస్తే బుడగల కదలిక ఒంటికి చేరదు, కొన్న డబ్బులు బొంత కింద పెట్టినట్టే. మామ్మవే పాత వెంకటగిరి నేతచీరలు ఉన్నాయి, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయినవి. వాటిని రెండు మడతలు వేసి పరుస్తున్నాను. చెమట పీలుస్తాయి, తడిస్తే తీసి ఇంకోటి వేయడం క్షణంలో పని, పైగా ఆవిడ చీరలే కాబట్టి ఆవిడకీ బాగుంటుంది, వేళ్లతో అంచు తడుముకుంటూ ఇది ఫలానా వాళ్ల పెళ్లికి కొన్నది అని చెబుతుంది. తడి కోసం వాడే అండర్‌ప్యాడ్ కూడా ఒక్కటే వేయాలి, దాని మీద రబ్బరు షీటు, ఆ పైన ఇంకో దుప్పటి అని పొరలు పెంచొద్దు.

మామ్మకి నచ్చిందా అంటే, మొదట్లో అస్సలు నచ్చలేదు. "కింద ఏదో పాకుతున్నట్టుందే, ఆపు దాన్ని" అనేది. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని వింటుంటే పంపు గుయ్‌మని మోత, దానికీ విసుగే. మోత తగ్గించుకోవచ్చు. పంపుని మంచం కాళ్ల వైపు ఇనుప కమ్మీకి కొక్కేలతో తగిలిస్తారు కదా, కమ్మీకీ పంపుకీ మధ్య పాత తువ్వాలు మడిచి పెట్టండి, ఆ అదురు పోయి సగం మోత తగ్గుతుంది. పంపు మీద దుప్పటి మాత్రం కప్పొద్దు, వేడెక్కుతుంది. కదలికకి మెల్లిగా అలవాటు పడింది. ఇప్పుడు ఎప్పుడైనా ఆగితే ఆవిడే ముందు కనిపెట్టి "నాన్నా, పరుపు చచ్చిపోయింది చూడు" అని పిలుస్తుంది.

పంపుకి ఒక మర ఉంటుంది, మనిషి బరువుని బట్టి తిప్పుకోవాలి. ఎక్కువ పెడితే చెక్కలా గట్టిపడుతుంది, తక్కువ పెడితే మనిషి అడుక్కి తగిలేస్తుంది. మా మామ్మ మనిషి పల్చన, అందుకని తక్కువ వైపే ఉంచాం. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఆసుపత్రిలో చూపించిన పద్ధతి ఉంది: ఎయిర్ బెడ్‌కీ కింది పరుపుకీ మధ్య, సరిగ్గా నడుం వచ్చే చోట, అరచేయి పైకి ఉండేలా చేయి దూర్చాలి. చేతికీ ఒంటికీ మధ్య అంగుళం మందాన గాలి తెలియాలి. ఎముక నేరుగా చేతికి తగిలిందంటే గాలి చాలడం లేదు. ఇది రోజూ ఒకసారి చేసి చూడండి, ఎందుకంటే పంపు లైటు వెలుగుతూనే ఉంటుంది, గొట్టం ఎక్కడో నలిగి గాలి వెళ్లదు, చూడ్డానికి మాత్రం అంతా బాగానే ఉన్నట్టుంటుంది.

కరెంటు గురించి భయపడేవాళ్లున్నారు. ఈ పంపు ఒక చిన్న బల్బంతే తింటుంది, పది వాట్ల లోపే. రోజంతా తిరిగినా పావు యూనిట్ దాటదు. అసలు టెన్షన్ కరెంటు పోయినప్పుడు. ఎండాకాలం సాయంత్రం గాలివాన వచ్చిందంటే మా వైపు గంటలు గంటలు పోతుంది. ఇన్వర్టర్ ఉంటే పంపు ప్లగ్గు ఆ లైనుకే పెట్టించుకోండి, టీవీ సంగతి తర్వాత. ఇన్వర్టర్ లేకపోతే పంపు నుంచి గొట్టాలు ఊడదీసి వెంటనే మడిచి రబ్బరు బ్యాండు బిగిస్తే కాసేపు గాలి నిలుస్తుంది, కానీ వరసలు మారడం ఉండదు కాబట్టి అప్పుడు పక్క మార్చడం ఇంకా తొందరగా చేయాలి.

దీని పెద్ద లోపం చెమట. ప్లాస్టిక్‌లోంచి గాలి ఆడదు. రోహిణీ కార్తెలో ఫ్యాను ఎంత తిరిగినా వీపు తడిసిపోతుంది, తడిసిన చర్మం తొందరగా దెబ్బతింటుంది. పక్క మార్చిన ప్రతిసారీ మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెడుతున్నాం, రుద్దడం లేదు. పౌడరు దట్టంగా చల్లితే చెమటకి ముద్దకట్టి గీరుకుంటుంది, మేం మానేశాం. రెండో లోపం, అంచున కూర్చోబెట్టడం. ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి మంచం అంచున కూర్చోబెట్టి వాకర్ పట్టించి లేపుతాడు, ఆ సమయంలో కింద మెత్తగా ఊగితే మామ్మకి భయం, మాకు అంతకంటే భయం. మర పూర్తిగా గట్టి వైపు తిప్పి, పక్కన ఇద్దరం నిలబడి లేపుతున్నాం. ఎక్కువ ధర రకాల్లో కదలిక ఆపేసి గట్టిగా ఉంచే మీట ఉంటుంది, రోజూ లేచి నిలబడే పేషెంటు అయితే ఆ మీట ఉన్నదే తీసుకోండి.

మూడోది మడమలు. ఈ పరుపు నడుముకి చేసినంత మేలు మడమలకి చేయదు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూస్తున్నాం. పక్కకి తిప్పినప్పుడు కూడా పూర్తిగా తుంటి మీదికి కాకుండా వీపు వెనక దిండు పెట్టి కొంచెం ఏటవాలుగా, మోకాళ్ల మధ్య ఇంకో దిండు. ఆపరేషన్ అయిన వైపు ఎప్పటి నుంచి తిప్పొచ్చో మీ డాక్టర్ని అడిగే చేయండి. గోడకి ఒక కాగితం అంటించి ఎడమ, వెల్లకిలా, కుడి అని టైము రాసుకుంటున్నాం, నాన్న రాత్రి మొదటి సగం, నేను రెండో సగం. కాగితం లేకపోతే ఇద్దరం నువ్వు తిప్పావనుకున్నా అంటే నువ్వు తిప్పావనుకున్నా అనుకునేవాళ్లం.

రోజూ స్నానం బదులు ఒళ్లు తుడిచేటప్పుడు వీపంతా వెలుతురులో చూడాలి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కాలి. తెల్లబడకుండా అలాగే ఉంటే పుండు మొదలైనట్టే, ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. మామ్మలాంటి చామనచాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు, ముదురుగా కమిలినట్టు ఉంటుంది, ముట్టుకుంటే చుట్టుపక్కల కంటే వేడిగా గానీ గట్టిగా గానీ ఉంటుంది. అలాంటి చోట కొబ్బరినూనె వేసి రుద్దమని ఊళ్లో పెద్దలు చెబుతారు, ప్రేమతోనే చెబుతారు, కానీ రుద్దితే లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. గుండ్రటి గాలి ట్యూబు మీద కూర్చోబెట్టమనే సలహా కూడా అంతే, మధ్యలో బరువు తగలకపోయినా చుట్టూ నొక్కుకుని రక్తం ఆడదు.

పంక్చర్ల సంగతి. మామ్మ తరం వాళ్లకి గాజుకి పిన్నీసు, గొలుసుకి పిన్నీసు, జాకెట్టుకి పిన్నీసు. అవన్నీ తీసి డబ్బాలో పెట్టి ఆ డబ్బా ఆవిడకి కనపడేచోట ఉంచాం, ఆవిడవి ఆవిడ దగ్గరే ఉన్నాయన్న ధైర్యం ఉండాలి కదా. చీరల బదులు ముందు తెరుచుకునే నూలు నైటీలు వేస్తున్నాం.

మార్కులు వేయమంటే ఐదుకి నాలుగు వేస్తాను, పోయిన మార్కు చెమటకీ అంచుకీ. ఇప్పటి వరకు మామ్మ వీపు మీద పుండు లేదు. అందులో పరుపు వాటా ఎంత, పక్క మార్చడం వాటా ఎంత, పొద్దున గుడ్డూ మధ్యాహ్నం ముద్దపప్పూ రాత్రి పాలూ వాటా ఎంత అని నేను విడదీయలేను. తిండి మాత్రం వదలకండి, ఒంట్లో మాంసకృత్తులు లేకపోతే ఏ పరుపూ కాపాడదు.

మనిషి పూర్తిగా మంచానికే అయితే, లేదా బరువెక్కువైతే, లేదా పుండు ఇప్పటికే మొదలై ఉంటే బుడగల రకం చాలదు, అడ్డంగా గొట్టాలు పేర్చినట్టుండే రకం తీసుకోండి. ధర రెట్టింపుకు పైనే ఉంటుంది, కానీ ఎత్తు ఎక్కువ, గొట్టం పాడైతే ఆ ఒక్కటీ మార్చుకోవచ్చు. మా మామ్మలాగా కొన్ని నెలల్లో లేచి వాకర్ మీద తిరిగే అవకాశం ఉన్నవాళ్లకి బుడగలది సరిపోతుంది. ఏది కొన్నా షాపులోనే విప్పించి, ప్లగ్గు పెట్టించి, పూర్తిగా నిండేదాకా నిలబడి చూడండి, కాస్త టైము పడుతుంది, వాళ్లు విసుక్కున్నా ఫరవాలేదు. రెండు వరసలూ మారుతున్నాయో లేదో చేత్తో నొక్కి చూసి, పంపు వారంటీకి బిల్లు మీద తేదీతో స్టాంపు వేయించుకుని తీసుకురండి.