చుక్కలు లెక్కపెట్టే టెస్ట్ కిట్: నాలుగు వేసవులు వాడాక

పెట్టెలో ఎన్ని సీసాలు వస్తాయి, ఏది దేనికి అన్నది అమ్మేవాళ్ళే రాస్తారు కాబట్టి నేను రాయను. ఈ కిట్‌లో నాకు ప్రాణం ఒక్క క్లోరిన్ పరీక్షే. గొట్టంలో పది మిల్లీలీటర్ల స్విమ్మింగ్ పూల్ నీళ్ళు పట్టి, చిట్టి చెంచాతో రెండుసార్లు పొడి వేసి తిప్పితే బీట్‌రూట్ కడిగిన నీళ్ళలా గులాబీ రంగు వస్తుంది. ఇక ఒక్కో చుక్కా వేసి తిప్పుతూ పోవాలి. రంగు పలచబడుతూ పలచబడుతూ ఒక చుక్క దగ్గర ఉన్నట్టుండి పోతుంది. ఎన్ని చుక్కలు పడ్డాయో అందులో సగం మన నీళ్ళలోని క్లోరిన్, పీపీఎంలలో, అంటే పది లక్షల భాగాల నీళ్ళకి ఎన్ని భాగాలో ఆ లెక్కలో. అట్ట మీద రంగు పక్కన రంగు పెట్టి ఇదా, అదా అని కళ్ళు చిట్లించే పని లేదు. లెక్కపెట్టడం వస్తే చాలు. మా తొమ్మిదేళ్ళ పెద్దమ్మాయి నాకంటే జాగ్రత్తగా చేస్తుంది.

ఇంత చిన్న విషయానికి ఇంత మురిసిపోవడం ఎందుకో తెలియాలంటే 2022 జూలై సంగతి చెప్పాలి.

మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. 2019లో కొన్న ఇంటికి వెనక పూల్ ఉంది. పదిహేను వేల గ్యాలన్లు, అంటే దాదాపు 57 వేల లీటర్లు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయి ఈ చుట్టుపక్కల ఎన్నో పూల్స్ పైపులు పగిలాయి. మా పాత ఫిల్టరూ అప్పుడే పోయింది, దాని బదులు కార్ట్రిడ్జ్ ఫిల్టర్ (మడతలున్న గుడ్డ గొట్టాల్లోంచి నీళ్ళు వడకట్టేది) పెట్టించాం. మిగతాదంతా అందరిలాగే: నీళ్ళలో తేలే డబ్బాలో క్లోరిన్ మాత్రలు, వారానికోసారి నీళ్ళలో ముంచి రంగు చూసే పేపరు స్ట్రిప్పు. మూడేళ్ళు ఏ గొడవా లేదు. ఆ జూలైలో ఎండ వంద డిగ్రీల ఫారన్‌హీట్ దిగని రోజుల్లో నీళ్ళు ముందు కాస్త మెరుపు తగ్గాయి, తర్వాత కొబ్బరినీళ్ళలా అయ్యాయి, వారం తిరిగేసరికి అచ్చం బియ్యం కడిగిన నీళ్ళు.

చూడ్డానికి బాగోలేదని ఊరుకునేదాన్నేమో. ఆ శనివారం పిల్లలు దిగారు. అప్పటికి ఆరేళ్ళున్న పెద్దది ఉంగరం కోసం మునిగింది. నేను గట్టు మీదే కూర్చున్నాను, నాకూ దానికీ మధ్య నాలుగడుగుల నీళ్ళే. అయినా దాని తల కనబడలేదు. మహా అయితే మూడు సెకన్లు. లేచి నవ్వుతూనే ఉంది, నాకు మాత్రం కాళ్ళలో సత్తువ పోయింది. అందర్నీ బయటికి రమ్మని గేటుకి తాళం వేశాను. పబ్లిక్ పూల్స్‌లో అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ కనబడకపోతే ఎవర్నీ దిగనివ్వరు. ఆ నియమం ఎందుకో నాకు ఆ రోజు తెలిసింది. మీ పూల్‌లోనూ అడుగు కనబడకపోతే, క్లోరిన్ ఎంతున్నా సరే, పిల్లల్ని దించకండి.

తర్వాత పది రోజులు డబ్బు తగలేశాం. దుకాణానికి సీసాలో నీళ్ళు పట్టుకెళ్తే మెషిన్‌లో పెట్టి కాగితం ఇచ్చారు. క్లోరిన్ 3, అంతా బాగానే ఉంది, నీళ్ళు తేటపరిచే మందు వెయ్యండి అన్నారు. వేశాం. రెండు రోజులకి మళ్ళీ వెళ్తే ఫాస్ఫేట్లు (పాచికి ఎరువులాంటివి) తీసే మందు అన్నారు. అదీ వేశాం. మూడోసారి ఫ్లాక్ అని ఒకటి ఇచ్చారు. డబ్బా వెనక చూస్తే అల్యూమినియం సల్ఫేట్ అని ఉంది, మన పటికే!

అప్పుడు మా నాన్నగారు ఇక్కడే ఉన్నారు. మాది కోనసీమ. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో కాలవ నీళ్ళు బిందెల్లో పట్టి, పటికముక్క నాలుగు తిప్పులు తిప్పి, పొద్దున్నదాకా కదపకుండా ఉంచి పైతేట వంచుకోవడం ఆయన చేసిన పనే. ఇంకా ముందు వాళ్ళ నాయనమ్మ ఇండుపగింజ అరగదీసి కలిపేదట. నేను ఫ్లాక్ పోసి, బాగా కలవాలని మోటారు రాత్రంతా నడిపాను. ఆయన తెల్లారి కాఫీ గ్లాసు పట్టుకుని గట్టు మీద నిలబడి, "అమ్మా, పటిక వేశాక నీళ్ళు కదపకూడదు కదా, ఆ మోటారు తిరుగుతూనే ఉందేంటి?" అన్నారు.

సరిగ్గా అదే తప్పు. ఫ్లాక్ పోసి కాసేపు కలిపాక మోటారు ఆపేసి, మడ్డి అడుగుకి దిగాక దాన్ని ఫిల్టర్‌లోకి పోనివ్వకుండా నేరుగా బయటికి లాగెయ్యాలి. ఇసుకతో వడకట్టే సాండ్ ఫిల్టర్లకి అందుకోసం వేస్ట్ అని ఒక మలుపు ఉంటుంది. మా కార్ట్రిడ్జ్‌కి ఆ దారే లేదు. మూత తీసి చూస్తే నాలుగు కార్ట్రిడ్జ్‌ల మడతల నిండా తెల్లటి జిగురు, చల్లారిన గంజి మీద తొరకలా పట్టేసింది. నాన్నగారూ నేనూ పెరట్లో స్టూళ్ళేసుకుని హోస్ పైపుతో మడత మడతా విప్పి కడిగాం, పూట పట్టింది. మా ఫిల్టర్ ఏ రకమో అమ్మిన మనిషి అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా వారి ఆఫీసులో ఒకాయన చెప్తే ఆ రాత్రి ఈ కిట్ తెప్పించాం. మొదట చేసింది క్లోరిన్ పరీక్ష కాదు, స్టెబిలైజర్ పరీక్ష. అసలు పేరు సయన్యూరిక్ యాసిడ్. ఎండకి క్లోరిన్ ఇగిరిపోకుండా కాపాడుతుంది, కానీ మోతాదు మించితే అదే క్లోరిన్‌ని పని చేయనివ్వకుండా పట్టి ఉంచుతుంది. నీళ్ళూ మందూ కలిపి, అడుగున నల్ల చుక్క ఉన్న సన్నటి గొట్టంలో కొద్దికొద్దిగా పోస్తూ పైనుంచి చూడాలి. చుక్క కనబడకుండా పోయిన చోట గీత ఎంతో అదే అంకె. మాకు గొట్టం నిండకముందే, 100 గీత కంటే కిందే, చుక్క మాయమైంది. పూల్ నీళ్ళకి సగానికి సగం కుళాయినీళ్ళు కలిపి మళ్ళీ చేశాను. 80 దగ్గర ఆగింది. అంటే అసలు అంకె 160!

అది ఎక్కణ్ణుంచి వచ్చిందంటే మాత్రల్లోంచే. మాత్ర కరిగి 10 పీపీఎం క్లోరిన్ ఇచ్చేసరికి 6 పీపీఎం స్టెబిలైజర్ నీళ్ళలో చేరుతుంది. క్లోరిన్ ఖర్చైపోతుంది, అది మాత్రం ఉండిపోతుంది. నీళ్ళు ఆవిరైనా పోదు. మూడేళ్ళ మాత్రలు అలా పేరుకున్నాయి. నేను పాటించే లెక్క ఏమిటంటే, స్టెబిలైజర్ అంకెలో ఏడెనిమిది శాతం క్లోరిన్ ఎప్పుడూ ఉండాలి. 160కి 12 కావాలి. స్ట్రిప్పు చూపించే 3 చూసి, దుకాణం కాగితం మీద 3 చూసి, నేను నిశ్చింతగా ఉన్నాను. ఆ నిశ్చింతలోనే కంటికి ఇంకా పచ్చగా కనబడని పాచి నీళ్ళని తెల్లగా మార్చేసింది. చిల్లిగవ్వ ఖర్చు లేకుండా ఆ మాత్రలు మానెయ్యమని మూడేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

సగం నీళ్ళు తోడించాం. వాన కాలవలోకి వదలకుండా ఇంటి మురుగు పైపు మూత తీసి అందులోకి పంపు పెట్టాం. కొత్తనీళ్ళు నిండాక స్టెబిలైజర్ 80. పీహెచ్ (నీళ్ళు ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె) ముందే 7.2కి దించాను, ఎందుకంటే క్లోరిన్ 10 దాటాక పీహెచ్ పరీక్ష రంగుని నమ్మలేం. పాచి చావాలంటే 80లో నలభై శాతం, అంటే 32 దాకా క్లోరిన్ నిలబెట్టాలి. సాయంత్రం ఎండ దిగాక పది శాతం ద్రవ క్లోరిన్ అయిదు గ్యాలన్లు పోశాం. అంత ఎక్కువ ఉన్నప్పుడు అయిదు మిల్లీలీటర్ల నీళ్ళే పడితే చుక్కకి ఒక పీపీఎం. ఆ రాత్రి 32 చుక్కలు. తెల్లారి 14. అంటే 18 పీపీఎం చీకట్లోనే, ఎండ అనేదే లేకుండా, పాచి తినేసింది. స్ట్రిప్పుకి ఈ రెండూ ఒకటే, ముదురు రంగు. ఈ తేడా అంకెల్లో కనబడ్డాక నాకు మందుల పిచ్చి పూర్తిగా వదిలింది.

ఆరు రోజులు అదే పని. రోజుకి మూడుసార్లు చుక్కలు, తగ్గినంత క్లోరిన్, సాయంత్రం కార్ట్రిడ్జ్ కడుగుడు. రెండో రోజు నీళ్ళు ఇంకా తెల్లబడితే కంగారుపడ్డాను, చచ్చిన పాచి అలాగే ఉంటుందట. మూడో రోజు రెండో మెట్టు కనబడింది. నాలుగో రోజు డ్రెయిన్ జాలీ నల్లగా, అంచులు లేకుండా, మచ్చలా కనబడింది. అయిదో రోజు దాని రెండు స్క్రూలు కనబడ్డాయి. ఆరో రాత్రి పది మిల్లీలీటర్లు పట్టి చేస్తే 57 చుక్కలు, తెల్లవారుజామున చీకటితోనే చేస్తే 56. రాత్రంతా కలిపి అర పీపీఎం తగ్గింది. తినేది ఇక లోపల లేదన్నమాట.

నాన్నగారు పర్సులోంచి పది రూపాయల బిళ్ళ తీసి, రైల్లో గోదావరి వంతెన మీద వేసినట్టే, లోతు వైపు విసిరారు. ఎనిమిదడుగుల కింద దాని పసుపు అంచూ, మధ్యలో తెల్ల బిళ్ళా విడివిడిగా కనబడ్డాయి. లోహం మరక పడుతుందని నేను వల కర్రతో వెంటనే తీసేశాను, ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు.

ఇంత పొగిడాను కాబట్టి మిగతాది కూడా చెప్పాలి.

నల్ల చుక్క పరీక్ష పూర్తిగా కళ్ళ మీద ఆధారపడుతుంది. మా వారు చేస్తే 60 వస్తుంది, నేను చేస్తే 80. ఇప్పుడు ఎప్పుడూ నేనే, వాకిట్లో, ఎండ వీపు మీద పడేలా నిలబడి చేస్తాను. ఇంకో మాట, సీసాలు వేడికి ఆగవు. 2023 వేసవంతా కిట్ గరాజ్‌లో ఉంది. ఆగస్టులో చుక్కల మందు పలచబడినట్టుంది, రంగు పోవడానికి ఎక్కువ చుక్కలు పట్టి, క్లోరిన్ ఉన్నదానికంటే ఎక్కువని చూపించింది. తక్కువ చూపించినా ఫర్వాలేదు, ఎక్కువ చూపించడమే ప్రమాదం. కొత్త సీసాతో పక్కపక్కన చేస్తే తెలిసింది. అప్పణ్ణుంచి వంటింటి అలమరలో, పిల్లలకి అందని పై అరలో పెడుతున్నాను.

2024 జూన్‌లో నీళ్ళు మళ్ళీ మసకబారాయి. చుక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, రాత్రి తగ్గుదల అర పీపీఎమే. అయినా నేను ఈ కిట్‌నే పట్టుకుని వారం పాటు క్లోరిన్ పోస్తూ కూర్చున్నాను. చివరికి చూస్తే, నీళ్ళు పూల్‌లోకి తిరిగొచ్చే గొట్టం నోట్లోంచి సన్నటి పొగలా ఏదో వస్తోంది. ఒక కార్ట్రిడ్జ్ మడత చిరిగింది. అది మార్చాక రెండు రోజుల్లో తేటపడ్డాయి. నీళ్ళలో ఏముందో కిట్ చెప్తుంది, ఫిల్టర్‌కి ఏమైందో చెప్పదు. మొదటి వేసవిలో ఎవరడిగినా "ఇదొక్కటుంటే చాలు" అనేదాన్ని. ఇప్పుడలా అనను.

ఇది మా పెరటి సంగతి: మూత లేని పూల్, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రోజూ దిగే ఇద్దరు పిల్లలు, పూల్ మనిషిని పెట్టుకోకుండా నేనే చూసుకోవడం. వారం వారం మనిషి వచ్చే ఇళ్ళకి ఇంత అవసరం ఉండకపోవచ్చు, అయినా అతను ఏ పరీక్ష చేస్తున్నాడో ఒకసారి అడగండి. శామీర్‌పేట దగ్గర మా పెద్దమ్మగారబ్బాయి ఫామ్‌హౌస్ పూల్‌కి ఒకటి పట్టుకెళ్ళాను. వాళ్ళది బోరు నీళ్ళు, బాగా కఠినం. పైగా కాల్షియం ఉన్న బ్లీచింగ్ పౌడరే వాడతారు. అక్కడ నీళ్ళు తెల్లబడింది పాచితో కాదు, పీహెచ్ 8 దాటి సున్నం విడవడంతో. క్లోరిన్ చుక్కలు అన్నయ్యకి పెద్దగా పనికిరాలేదు, పీహెచ్, కాల్షియం సీసాలే పనికొచ్చాయి.

మాత్రలు వాడేవాళ్ళకి ఒక్క మాట: మాత్రలున్న డబ్బాలో షాక్ పౌడర్ (క్లోరిన్ ఒక్కసారిగా పెంచడానికి వేసే పొడి) ఎప్పుడూ వెయ్యకండి, ఆ రెండూ కలిస్తే మంటలు లేస్తాయి, పేలుతుంది కూడా. యాసిడ్‌నీ క్లోరిన్‌నీ పక్కపక్కన కూడా పెట్టకండి.

మళ్ళీ కొంటానా అంటే, పిల్లలు ఈ నీళ్ళలో దిగినన్నాళ్ళూ కొంటాను. మొత్తం కిట్ కొనక్కర్లేదు, మార్చిలో గులాబీ పొడి, చుక్కల సీసా మాత్రం కొత్తవి తెప్పిస్తాను. ఈసారివి వచ్చాయి, మూతల మీద తేదీ రాసి పెట్టాను.