భీమవరంలో స్లామ్ క్లాసు: 4 నోట్రంప్ భేష్, దానికి ముందే తేడా

భీమవరంలో ఓ క్లబ్బు ఆదివారం సాయంత్రాలు బ్రిడ్జ్ పేకాటలో స్లామ్ బిడ్డింగు, అంటే 13 పట్లలో 12 లేదా 13 గెలుస్తామని పాడటం (6 లేదా 7 పాట), నేర్పుతోంది. మొత్తం ఎనిమిది వారాలు. రమ్మీ తప్ప తెలియనివాళ్లకి పనికిరాదండి. మేజర్ ఫిట్ (ఇస్పేట్ లేదా ఆఠీన్‌లో జంటకి కలిపి ఎనిమిది ముక్కలు) చెప్పుకోవటం అలవాటయ్యాకే చేరాలి. సంక్రాంతికి ముందు రెండు వారాలు సెలవు. ఊరంతా బరుల దగ్గరుంటే బల్లకి నలుగురెక్కడ దొరుకుతారు?

బాగా చెప్పేది రోమన్ కీకార్డు. 1933 నాటి ఈస్లీ బ్లాక్‌వుడ్ పద్ధతి ఆసుల్నే లెక్కపెట్టేది. ఇందులో తురుపు రాజూ కలిసి ఐదు కీకార్డులు. 4 నోట్రంప్ (తురుపు లేని పాట) అని అడిగితే పార్టనర్ కీకార్డుల జవాబులు 1430 వరసలో: 5 కళావరు అంటే 1 లేదా 4, 5 డైమండ్ అంటే 3 లేదా 0, 5 ఆఠీన్ అంటే తురుపు రాణి లేకుండా 2, 5 ఇస్పేట్ అంటే రాణితో 2. మొదటి రెండు జవాబుల తర్వాత పై మెట్టు, అంటే వెంటనే వచ్చే పాట, తురుపు రాణిని అడుగుతుంది. ఆ మెట్టు తురుపే అయితే దాని పైది. జంటకి కలిపి తురుపు పది ముక్కలు ఖాయమైతే రాణి లేకున్నా ఉన్నట్టే చెప్పమంటారు. అదీ సబబే.

తేడా ఎక్కడంటే, ఎప్పుడు అడక్కూడదో సరిగ్గా చెప్పరు. ఈ చేయి చూడండి: ఇస్పేట్ ఆసు, రాణి, జాకీ, 8, 5, ఆఠీన్ రాజు, రాణి, జాకీ, 3, డైమండ్ 7, 4, కళావరు ఆసు, రాజు. 1 ఇస్పేట్ తెరిస్తే పార్టనర్ 3 ఇస్పేట్ అన్నాడు. అతని దగ్గర ఇస్పేట్ రాజు, 10, 7, 3. ఆఠీన్ ఆసు, 9, 2. డైమండ్ రాణి, జాకీ, 5. కళావరు జాకీ, 8, 3. 4 నోట్రంప్ అంటే 5 ఆఠీన్ వస్తుంది. ఒక్క కీకార్డే పోయిందని 6 ఇస్పేట్‌కి వెళ్తారు. ప్రత్యర్థులు డైమండ్ ఆసు, రాజు లాగేస్తారు, ఒకటి డౌన్ (ఒక పట్టు తక్కువ). ముందే 4 కళావరు అని కంట్రోల్ (ఆ రంగులో ప్రత్యర్థుల్ని ఆపే ఆసో రాజో లాంటిది) చూపితే పార్టనర్ డైమండ్ దాటేసి 4 ఆఠీన్ అంటాడు. ఇద్దరికీ డైమండ్ కంట్రోల్ లేదని తేలి, 4 ఇస్పేట్ దగ్గరే ఆగుతారు. ఈ పాఠానికి చివరి అరగంటే ఇచ్చారు. రెండు వారాలు కావాలి.

చేతికిచ్చే కాగితంలో కళావరు తురుపుకీ 4 నోట్రంపే రాశారు. 5 డైమండ్ జవాబు వచ్చిందంటే 5 కళావరు దాటిపోయినట్టే. ఆసులు తక్కువైనా ఆరుకి ఎక్కక తప్పదు. కళావరుకి 4 డైమండ్‌తో అడగటం మేలు, కానీ ముందే జంట మాట్లాడుకోవాలి, లేకపోతే అది కంట్రోల్ అనుకుంటారు. 1 నోట్రంప్ మీద 4 నోట్రంప్ ఆసుల ప్రశ్న కాదు, ఆహ్వానం. 15 పాయింట్లు ఉంటే పాస్, 17 ఉంటే 6 నోట్రంప్. ఇది మాత్రం పదే పదే చెప్పి బాగా దిద్దారు.

బిడ్డింగ్ బాక్సులు (పాటల కార్డుల పెట్టెలు) లేవు, నోటితోనే చెబుతారు. గొంతు ఎత్తుపల్లాలు పార్టనర్‌కి సమాచారం అవుతాయి. బాగా ఆలోచించి 5 ఇస్పేట్ అంటే, ఆ ఆలస్యం చూసి ఆరుకి వెళ్లటం రూలుకి విరుద్ధం. దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. 4 నోట్రంప్ తర్వాత మధ్యలో ప్రత్యర్థి సూటు పాడితే డబుల్ అంటే కీకార్డులు 0, పాస్ 1, పై మెట్టు 2 అనే పద్ధతి కాగితం వెనకవైపు ఒక్క వరసలో ఉంది, అడిగితేనే చెబుతారు.

విడిగా చేరితే ప్రతివారం కొత్త పార్టనర్‌తో కూర్చోపెడతారు, జంటగానే చేరండి.