తెలుగు మీడియం డెవలపర్‌గా గూగుల్ టెక్నికల్ రైటింగ్ కోర్సు చేశాక

నరసరావుపేట దగ్గర పల్లెటూరు మాది. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాద్ వచ్చి జావా మీద పని చేయడం మొదలుపెట్టి ఏడేళ్లు దాటింది. కోడ్ రాయడానికి ఏనాడూ భయపడలేదు గానీ, ఆ కోడ్ గురించి నాలుగు లైన్లు ఇంగ్లిష్‌లో రాయాల్సి వస్తే మాత్రం టెన్షన్ పడేవాణ్ని. రాయడం, చెరపడం, మళ్లీ రాయడం, పంపేముందు పక్క సీటు అతనికి చూపించడం. మనలో ఇలాంటి వాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు, ఈ రివ్యూ వాళ్ల కోసమే.

రెండేళ్ల కింద ఒక రాత్రి షిఫ్ట్ ముగించి అవతలి దేశంలో ఉన్న టీమ్‌కి పని అప్పజెబుతూ ఒక మెసేజ్ పెట్టాను. గేట్‌వే (మిగతా సర్వీసులకి వచ్చే రిక్వెస్టులు దాటి వెళ్లే ద్వారం లాంటి సర్వర్) నెమ్మదిగా ఉందని, అందుకే పేమెంట్ సర్వీస్‌లో టైమవుట్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్న గడువు) మార్చానని రాసి, చివర్లో "ఇఫ్ ఇట్ ఫెయిల్స్, ప్లీజ్ రీస్టార్ట్ ఇట్" అన్నాను. నా మనసులో ఆ "ఇట్" పేమెంట్ సర్వీస్. వాళ్లకి అది గేట్‌వే అని అర్థమైంది, గేట్‌వేని రీస్టార్ట్ చేశారు, దాని మీద ఆధారపడిన మిగతా సర్వీసులన్నీ నలభై నిమిషాలు ఆగిపోయాయి. మర్నాడు మీటింగ్‌లో నా మెసేజ్‌ని స్క్రీన్ మీద పెట్టి చదివారు. అందులో ఒక్క గ్రామర్ తప్పు కూడా లేదు. ఆ సంగతే నన్ను చాలా రోజులు వదల్లేదు.

వెంటనే అమీర్‌పేటలో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్‌లో చేరాను. నలభై ఐదు రోజులు, ఉదయం ఏడింటికి క్లాసు. పన్నెండు టెన్సులు బోర్డు మీద రాయించారు, గ్రూప్ డిస్కషన్లు పెట్టారు, ఇంటర్వ్యూలో మన గురించి మనం ఎలా చెప్పుకోవాలో నేర్పారు. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన పిల్లలకి అది పనికొస్తుంది, నాకూ నలుగురిలో నోరు తెరిచే ధైర్యం కొంత వచ్చింది. కానీ బగ్ రిపోర్ట్ (సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తప్పు గురించిన వివరం) ఎలా రాయాలో అక్కడ ఎవరూ చెప్పలేదు, వాళ్ల పని కూడా అది కాదు.

ఆ తర్వాత దొరికింది గూగుల్ వాళ్ల టెక్నికల్ రైటింగ్ కోర్సు. తమ ఇంజినీర్లకి చెప్పుకుంటున్న పాఠాలనే 2020లో అందరికీ ఉచితంగా పెట్టారు. వన్, టూ అని రెండు భాగాలు, ఇవి కాక ఎర్రర్ మెసేజ్‌లు రాయడం మీద ఒకటి, యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్లూ వాడుకోగలిగేలా రాయడం) మీద ఒకటి ఉన్నాయి. వీడియోల గోల లేదు, చిన్న చిన్న పేజీలు, మధ్యలో అభ్యాసాలు. నేను రోజూ రాత్రి అరగంట చొప్పున కూర్చుని మొదటి భాగం మూడు వారాల్లో పూర్తి చేశాను.

మొదట్లోనే, పదాల గురించి చెప్పే పేజీలో, నా మెసేజ్ కథంతా కనిపించింది. ఇట్, దే, దిస్, దట్ లాంటి మాటలు ఏ నామవాచకం గురించో దానికి దగ్గరగా ఉండాలి, మధ్యలో ఐదు మాటల కంటే ఎక్కువ దూరం వస్తే ఆ పేరునే మళ్లీ రాయడం మంచిది, మధ్యలో ఇంకో నామవాచకం దూరిందంటే తప్పకుండా పేరే రాయాలి. ఇంత చిన్న విషయం. మనం తెలుగులో మాట్లాడుకునేటప్పుడు సర్వర్‌నీ అది అంటాం, డేటాబేస్‌నీ అది అంటాం, ఎదుటివాడు మన పక్కనే ఉంటాడు కాబట్టి ఇబ్బంది రాదు. పన్నెండు గంటల తేడాలో కూర్చుని చదివేవాడికి మన చెయ్యి ఎటు చూపిస్తుందో కనపడదు కదా.

ఈ కోర్సు చేస్తున్నప్పుడు నాకు నేనుగా గమనించుకున్నవి ఇంకా ఉన్నాయి, ఇవి కోర్సులో లేవు. తెలుగులో "రీస్టార్ట్ చేశాం" అంటే చాలు, ఎవరు చేశారో క్రియలోనే ఉంటుంది. అదే అలవాటుతో ఇంగ్లిష్‌లో కర్త లేకుండా "రీస్టార్టెడ్" అని వదిలేస్తే నేను చేశానా, సిస్టమ్ తనంతట తాను చేసుకుందా అన్నది తెలియదు. అలాగే వెళ్లి, చూసి, మార్చి, పరీక్షించి అంటూ ఒకే వాక్యంలో నాలుగు పనులు గొలుసులా చెప్పడం తెలుగులో అందంగా ఉంటుంది, దాన్నే అండ్, అండ్ అని ఇంగ్లిష్‌లోకి దింపితే చదివేవాడికి ఊపిరాడదు. ఒక వాక్యంలో ఒక విషయం అని కోర్సు చెప్పేది అందుకే నాకు బాగా పట్టింది. యాక్టివ్ వాయిస్ పాఠం సంగతీ అంతే. స్కూల్లో "ఛేంజ్ ద వాయిస్" ప్రశ్నకి మార్కుల కోసం పాసివ్‌లోకి మార్చీ మార్చీ, పాసివ్‌లో రాస్తేనే ఆఫీసు ఇంగ్లిష్ అనుకున్నాం. ఎవరు ఏం చేశారో సూటిగా రాయమంటారు ఇక్కడ.

నేను పాతవి తీసి ఒక పుల్ రిక్వెస్ట్ (నా కోడ్ మార్పుని చూసి కలుపుకోమని టీమ్‌ని అడిగే అభ్యర్థన) వివరణ తిరగరాసి చూశాను. ముందు దాంట్లో ఏ ఫైల్ ఎలా మార్చానో, ఏ క్లాస్ ఎక్కడికి జరిపానో వరసగా ఉంది, అసలు కారణం ఏడో లైన్లో వచ్చింది. తిరగరాసింది ఇలా మొదలవుతుంది: ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు డబ్బు కట్ అవుతోంది, ఈ మార్పు దాన్ని ఆపుతుంది. ఆ తర్వాత ఎందుకు జరుగుతోంది, ఏం మార్చాను, ఎలా పరీక్షించాను. పేరాకి మొదటి వాక్యమే ముఖ్యం అని చెప్పిన పాఠం ఫలితం ఇది. ఇప్పుడు నా కోడ్ రివ్యూల్లో "ఇది ఎందుకు?" అన్న కామెంట్ చాలా తగ్గింది.

నాకు అన్నిటికంటే నచ్చింది పాఠకుల గురించిన పేజీ. బాగా తెలిసినవాళ్లు తమకు తెలిసింది అందరికీ తెలుసనుకుంటారని, సాంకేతిక విషయాలు చదివేవాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ కంటే ఇంకో భాష దగ్గరని, కాబట్టి తేలిక మాటలు వాడాలని, ఒక ప్రాంతం వాళ్లకే తెలిసిన నుడికారాలు వదిలేయాలని అక్కడ ఉంది. ఇన్నేళ్లూ నా తేలిక ఇంగ్లిష్‌ని లోపం అనుకుని పెద్ద పెద్ద మాటలు వెతికాను. ఆ పేజీ చదివాక చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

లోపాలూ చెప్పాలి. మనం రాసింది దిద్దేవాళ్లు ఉండరు, అభ్యాసం చేశాక వాళ్ల సమాధానం తెరిచి మనమే పోల్చుకోవాలి. దీనికి మేం చేసిన పని ఏమిటంటే, ముగ్గురం కలిసి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒకరి రాతలు ఒకరు దిద్దుకున్నాం. అసలు ఈ కోర్సు కూడా ముందు చదువుకుని తర్వాత జంటలుగా కూర్చుని చేసేలా తయారుచేసిందే, క్లాసు నడిపేవాళ్లకి కావలసిన సామగ్రి కూడా అక్కడే పెట్టారు. మాట్లాడటం మాత్రం ఇందులో అసలు లేదు. రోజువారీ కాల్‌లో ఎదుటివాళ్ల యాస అర్థం కాకపోతే ఏం చేయాలి, మేనేజర్‌కి కాదని మర్యాదగా ఎలా చెప్పాలి, ఇవి ఇక్కడ దొరకవు. "ఐ హావ్ ఎ డౌట్" అంటే అమెరికా వాళ్లకి సందేహం తీర్చమన్నట్టు కాక, వాళ్ల మాట మీద మనకి నమ్మకం లేనట్టు వినపడుతుందని నేను ఒక సహోద్యోగి చెబితేనే తెలుసుకున్నాను. మెయిల్ మర్యాదలు కూడా పెద్దగా లేవు.

రెండో భాగంలో నమూనా కోడ్ గురించిన పాఠం బాగుంది, మిగతాది సొంత రాతని దిద్దుకోవడం, బొమ్మలు వాడటం, పెద్ద డాక్యుమెంట్లు అమర్చడం లాంటివి. తొందర ఉన్నవాళ్లు దాన్ని పక్కన పెట్టి ఎర్రర్ మెసేజ్‌ల కోర్సు ముందు చేయండి. ఏం తప్పు జరిగిందో, దాన్ని ఎలా సరిచేసుకోవాలో రెండూ చెప్పమంటుంది. మా యాప్‌లో "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని ఉన్నచోట "ఫోన్ నంబర్‌లో పది అంకెలు ఉండాలి, మీరు తొమ్మిదే ఇచ్చారు" అనే అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో మార్చాం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పదాలు, యాక్టివ్ వాయిస్, పాఠకులు అన్న మూడు పేజీలు చదివి, మీరు కిందటి నెల పంపిన మెసేజ్ ఒకటి తీసి దిద్దుకోండి. మార్క్‌డౌన్ (మామూలు అక్షరాల్లోనే శీర్షికలు, జాబితాలు గుర్తుపెట్టే పద్ధతి) వచ్చినవాళ్లు దాని గురించిన పేజీ దాటేయవచ్చు.