గాజియా క్లాసిక్ కొనాలనుకుంటే ముందు దాని సోలనాయిడ్ వాల్వ్ గురించి తెలుసుకోండి

ఎస్ప్రెస్సో మెషీన్ కోసం ఆన్‌లైన్‌లో వెతికితే ప్రతి పెట్టె మీదా 15 బార్, 20 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) అని పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది, చాలామంది ఆ అంకె చూసే డబ్బు పెట్టేస్తున్నారు. ఎస్ప్రెస్సోకి కాఫీ పొడి దగ్గర కావలసింది సుమారు 9 బార్ మాత్రమే. మామూలు వైబ్రేషన్ పంపు కూడా అంతకంటే ఎక్కువే ఇస్తుంది. అందుకని షాపువాడిని అడగాల్సింది బార్ల లెక్క కాదు, షాట్ (ఒకసారి దింపే ఎస్ప్రెస్సో) అయిపోయాక లోపల మిగిలిన ప్రెషర్ ఎటు పోతుంది అని. నేను వాడుతున్న గాజియా క్లాసిక్ ఎవో ప్రో నాకు నచ్చడానికి మొదటి కారణం ఇదే. ఆ ప్రెషర్‌ని బయటికి పంపడానికి ఇందులో త్రీ వే సోలనాయిడ్ వాల్వ్, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే మూడు దారుల వాల్వ్, ఉంది.

అది లేని మెషీన్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఇంతకుముందు ఇంట్లో ఒక చౌక మెషీన్ ఉండేది, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కాఫీ దిగాక పోర్టాఫిల్టర్ (కాఫీ పొడి వేసి మెషీన్‌కి బిగించే పిడి ఉన్న గిన్నె) వెంటనే తిప్పితే, ఆవిరి పోకుండా కుక్కర్ మూత తీసినట్టే, వేడి నీళ్ళూ పిప్పీ కలిసి గోడ మీదికి చిమ్మేవి. చేతులు కాలతాయేమోనని ఒకటే టెన్షన్. ఇంటికి నలుగురు వస్తే ఒక్కో కప్పుకీ మధ్య ప్రెషర్ దిగేదాకా ఆగాలి, ఆగినా లోపల మిగిలేది బురదే.

గాజియాలో బ్రూ స్విచ్ ఆపగానే ‘టక్’ మని చిన్న చప్పుడు, వెంటనే గ్రూప్ హెడ్ (పోర్టాఫిల్టర్ బిగించే చోటు) పక్కన కిందికి దిగిన గొట్టంలోంచి ‘తుస్సు’ మంటూ గోధుమరంగు నీళ్ళు డ్రిప్ ట్రేలో పడతాయి. అంతే, పోర్టాఫిల్టర్ విప్పొచ్చు. కాఫీ పిప్పి గట్టి బిళ్ళలా ఒక్క దెబ్బకి ఊడి వస్తుంది.

ఆ ‘టక్’ లోపల ఏం జరుగుతుందంటే, వాల్వ్‌కి మూడు దారులుంటాయి: బాయిలర్ వైపు ఒకటి, కాఫీ పొడి ఉండే గ్రూప్ వైపు ఒకటి, డ్రిప్ ట్రేకి పోయే గొట్టం వైపు ఒకటి. మధ్యలో సన్నని లోహపు గొట్టం, అందులో రెండు చివరలా రబ్బరు సీల్ ఉన్న చిన్న ఇనుప ప్లంజర్, దాన్ని నొక్కి ఉంచే స్ప్రింగ్, బయట రాగి తీగ చుట్టిన కాయిల్. కరెంటు లేనప్పుడు స్ప్రింగ్ ప్లంజర్‌ని కిందికి నొక్కి బాయిలర్ దారి మూసేస్తుంది, గ్రూప్ నుంచి ట్రేకి దారి తెరిచే ఉంటుంది. బ్రూ స్విచ్ వేస్తే పంపుకీ కాయిల్‌కీ ఒకేసారి కరెంటు వెళ్తుంది, కాయిల్ అయస్కాంతమై ప్లంజర్‌ని పైకి లాగుతుంది, దాంతో ట్రే దారి మూసుకుని బాయిలర్ నీళ్ళు కాఫీ మీదికి వస్తాయి. స్విచ్ ఆపితే మళ్ళీ మొదటి స్థితి. స్టీమ్ పట్టేటప్పుడు కూడా బాయిలర్ దారిని మూసి ఉంచేది ఈ సీలే, అది అరిగినా కింద చెత్త చేరినా పాలు కాచుకుంటుంటే గ్రూప్ నుంచి చుక్కలు కారుతుంటాయి.

ఈ పని కరెంటు లేకుండా కూడా చేయొచ్చు. 1961లో ఇటలీ కంపెనీ ఫేమా తెచ్చిన ఇ61 గ్రూప్‌లో చేత్తో తిప్పే లివరే వాల్వులు తెరిచి మూస్తుంది. అది చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఆ గ్రూప్ ఉన్న మెషీన్ల ధరలు వేరే లెవెల్. ఇంత చిన్న మెషీన్‌లో, 58 మిల్లీమీటర్ల పోర్టాఫిల్టర్‌తో పాటు ఈ వాల్వ్ కూడా ఇవ్వడమే గాజియాలో మెచ్చుకోవాల్సిన విషయం.

అయితే దీన్ని పట్టించుకోకపోతే మొరాయిస్తుంది. ప్రెషర్ వదిలిన ప్రతిసారీ సన్నని కాఫీ పొడి, నూనె వెనక్కి వాల్వ్‌లోకి వెళ్తాయి. అందుకే బ్యాక్‌ఫ్లష్ తప్పనిసరి: రంధ్రాలు లేని బాస్కెట్‌లో (పోర్టాఫిల్టర్ లోపల పెట్టే చిన్న గిన్నె) చిటికెడు డిటర్జెంట్ వేసి, పది సెకన్లు పంపు నడిపి ఆపడం, నాలుగైదుసార్లు అలా చేసి చివర్లో మంచి నీళ్ళతో మళ్ళీ చేయడం. త్రీ వే వాల్వ్ లేని మెషీన్లకి మాత్రం ఇది చేయకండి, ప్రెషర్ పోవడానికి దారి ఉండదు.

రెండో శత్రువు మన బోరు నీళ్ళు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో గీజర్ రాడ్ మీద తెల్లగా పేరుకునే ఉప్పే ఇక్కడా పేరుకుంటుంది, కాకపోతే వాల్వ్ దారి సన్నం కాబట్టి చిన్న పెచ్చు అడ్డుపడినా చాలు. మా స్నేహితుడి మెషీన్‌లో గ్రూప్ నుంచి నీళ్ళు చుక్కచుక్కగా వస్తుంటే, ఒక సర్వీస్ సెంటర్ వాళ్ళు చూసీచూడగానే పంపు పోయింది, మార్చాలన్నారు. స్టీమ్ నాబ్ తిప్పి పంపు వేస్తే అక్కడ నీళ్ళు ధారగా వస్తున్నాయి! పంపు పోతే అదెలా వస్తుంది? ప్లగ్ పీకి, మెషీన్ పూర్తిగా చల్లారాక వాల్వ్‌ని పట్టుకున్న రెండు అలెన్ బోల్టులు విప్పి, ప్లంజర్ బయటికి తీసి చూస్తే సీల్ కింద ఉప్పు పెచ్చులు. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో ఆ లోహపు భాగాలు నానబెట్టి (కాయిల్ మాత్రం తడపకూడదు), కడిగి, మళ్ళీ బిగిస్తే సరిపోయింది. కొత్త పంపు ఖర్చు తప్పింది. నేను మొదటి నుంచీ ఆర్‌ఓ నీళ్ళలో కాస్త మామూలు మంచినీళ్ళు కలిపి పోస్తున్నాను.

ఇంకో మాట, బ్రూ చేస్తున్నప్పుడు కాయిల్ సన్నగా గుయ్యిమనడం, వేడెక్కడం మామూలే. గరగరమని గట్టిగా మోగితే మాత్రం ప్లంజర్ పూర్తిగా పైకి చేరడం లేదని అర్థం. అలాగే వాడితే కాయిల్ మీద కరెంటు ఎక్కువై కాలిపోయే ప్రమాదం ఉంది.

మిగతా విషయాల్లో గాజియా మామూలే. బాయిలర్ మరీ చిన్నది, పీఐడీ (వేడిని ఒకేలా నిలిపి ఉంచే ఎలక్ట్రానిక్ కంట్రోల్) లేదు కాబట్టి వేడి కప్పు కప్పుకీ కాస్త మారుతుంది, లాటేలు వరసగా ఐదారు చేయాలంటే ఓపిక కావాలి. ఎవో ప్రోలో ప్రెషర్ 9 బార్‌కి సెట్ చేసి రావడం మాత్రం పెద్ద ప్లస్. మంచి గ్రైండర్‌కి బడ్జెట్ మిగలకపోతే ఇది ఇప్పుడే కొనకండి.

సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే ఏ సంవత్సరం మోడలో తప్పకుండా అడగండి. 2015 క్లాసిక్‌లో ఈ త్రీ వే సోలనాయిడ్‌నే తీసేశారు, తర్వాత వచ్చిన క్లాసిక్ ప్రోలో మళ్ళీ పెట్టారు. అమ్మేవాళ్ళ ఇంట్లోనే కాఫీ పొడి వేసి ఒక షాట్ తీయించండి. స్విచ్ ఆపిన వెంటనే గొట్టంలోంచి నీళ్ళు ట్రేలోకి దూకకపోతే వాల్వ్ మూసుకుపోయినట్టే, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.