హనీబీ, రేడియన్స్, ఒక లక్స్ మీటర్: ఏళ్ల తరబడి వాడాక

హైదరాబాదులో బడి భవనాలూ చిన్న ఆఫీసులూ డిజైన్ చేసే మా కార్యాలయంలో పగటి వెలుతురు లెక్కలు కొన్నేళ్లుగా హనీబీ అనే సాఫ్ట్‌వేర్‌తోనే సాగుతున్నాయి. రైనో అనే 3డి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన భవనాన్ని దానిలోనే ఉండే గ్రాస్‌హాపర్ ద్వారా అందుకొని, అసలు లెక్కను రేడియన్స్ అనే ఇంజిన్‌కు అప్పగించడం హనీబీ చేసే పని. ఇంజిన్ మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది. చివరన చేతికొచ్చే శాతాల మీద మాత్రం అంత కుదరలేదు. మన ఎండను దృష్టిలో పెట్టుకోకుండా చదివితే, కళ్లు మిరుమిట్లు గొలిపే గదికి కూడా అవి మంచి మార్కులే వేస్తాయి.

రేడియన్స్‌ను అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో గ్రెగ్ వార్డ్ 1980లలో రూపొందించారు. కొలిచే బిందువును చేరిన కిరణాన్ని వెనక్కి వెంటాడుతూ వెళ్లి, అది ఏ గోడకు, ఏ సజ్జకు, ఆకాశంలోని ఏ భాగానికి తగిలి వచ్చిందో లెక్కగట్టడం దాని పద్ధతి. అంతకుముందు మేము వాడిన డేలైట్ ఫ్యాక్టర్, మబ్బు కమ్మిన ఆకాశం కింద బయటి వెలుతురులో ఎంత శాతం గదిలోకి వస్తుందో చెబుతుంది. కిటికీ తూర్పున ఉన్నా పడమర ఉన్నా దానికి ఒకటే. మన ప్రమాణాలు మాత్రం మబ్బు ఆకాశానికి బదులు నిర్మలాకాశాన్నే ప్రాతిపదికగా తీసుకుని, బయట 8000 లక్స్ (లక్స్ వెలుతురును కొలిచే యూనిట్) ఉందనుకుని, ఒక శాతాన్ని 80 లక్స్‌గా లెక్కిస్తాయి. అది సూర్యుడు 15 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పటి ఆకాశం, నేరు ఎండ అందులో కలవదు. తక్కువలో తక్కువ ఎంత వెలుతురు దొరుకుతుందో తెలుసుకోవడానికి ఆ లెక్క చాలు. ఫిబ్రవరిలో సాయంత్రం నాలుగింటికి పడమటి కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడు నోట్‌బుక్ వైపు చూడగలడా అన్నదానికి అందులో జవాబు దొరకదు.

హనీబీ వార్షిక లెక్క ఏడాది మొత్తపు ఎండ, మబ్బుల వివరాలుండే వాతావరణ ఫైలులోని 8760 గంటలనుంచి భవనం వాడే గంటలను వేరుచేసి చూస్తుంది కనుక ఆ జవాబు ఇస్తుంది. అయితే ఏ కొలతను అడుగుతున్నామన్నది ముఖ్యం. ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు ఉండే గంటల్లో కనీసం సగం గంటలు 300 లక్స్ అందే నేల ఎంత శాతమని అమెరికా ప్రమాణం ఎల్‌ఎం-83 అడుగుతుంది. మన దగ్గర పెద్ద కిటికీ ఉన్న గది, మరీ లోతుగా లేకపోతే, ఈ పరీక్షను అవలీలగా గట్టెక్కుతుంది, ఎందుకంటే దీనికి కింది గీతే ఉంది, పై గీత లేదు. నేరు ఎండకు అదే ప్రమాణంలో వేరే కొలత (నేరు ఎండే 1000 లక్స్ చొప్పున ఏడాదికి 250 గంటలకు మించి పడే నేల ఎంత శాతమని) ఉన్నా, క్లయింటుకు చూపే రిపోర్టులో అది వెనక పేజీల్లోకి పోవడం తరచూ చూస్తుంటాను. భవనాల్లో ఇంధన పొదుపు కోసం మన దేశం తెచ్చిన నియమావళి ఈసీబీసీ 2017 ఈ విషయంలో మెరుగు: వెలుతురు దొరికే సమయంలో 90 శాతం మేర 100 నుంచి 2000 లక్స్ మధ్య ఉండే నేల ఎంతో అడుగుతుంది, ఆఫీసులకు, విద్యాసంస్థలకు కనీసం 40 శాతం కావాలి. హనీబీలో పై హద్దు ముందుగానే 3000 అని పెట్టి ఉంటుంది. దాన్ని 2000కు మార్చకుండా రన్ నొక్కితే కిటికీ పక్క వరుసలు ఊరికే పాసైపోతాయి.

ఉత్తరపు కిటికీకి ఎండ రాదని నమ్మే క్లయింట్లకు నేను మాటలతో చెప్పడం మానేసి హనీబీ ఇచ్చే చిత్రాలే చూపిస్తున్నాను. హైదరాబాదు ఉన్న 17.4 డిగ్రీల అక్షాంశంలో మే రెండో వారం నుంచి జులై చివరి వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, ఉదయం సాయంత్రాల్లో ఆ గోడకు ఏటవాలుగా ఎండ తగులుతుంది. కిటికీ పక్కన ఎండకు అడ్డుగా నిలువు రెక్కలు ఎందుకు గీశామో చిత్రం చూశాక ఎవరూ అడగరు.

హనీబీ నేలకు 20, గోడకు 50, పైకప్పుకు 80 శాతం పరావర్తనం ఉందని తనంతట తానే అనుకుంటుంది. గోడ కింది భాగానికి ముదురు ఆకుపచ్చ రంగు పట్టీ (డాడో) వేసిన పాత బడి గదికి ఆ అంకె చెల్లదు, ఇక్కడే లక్స్ మీటర్ కావాలి. సెన్సర్‌ను గోడ మీద ఉంచి గదివైపు తిప్పి ఒక అంకె, తర్వాత దాన్ని గోడవైపు తిప్పి, నీడ పడనంత దూరం వెనక్కి జరిపి ఇంకొక అంకె తీసుకుని, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే సరిపోతుంది. మాట్ రంగులకు ఇది బాగా పనికొస్తుంది, పాలిష్ పట్టిన తాండూరు బండకు పనికిరాదు. సెన్సర్ వైరుతో విడిగా ఉండే మీటరే కొనాలి. లేకపోతే బల్ల ఎత్తున కొలిచేటప్పుడు మన నీడ పడుతుంది, తెల్ల చొక్కా వేసుకుని కిటికీకి ఎదురుగా నిలబడితే లోపలి మూలన అంకె పెరుగుతుంది కూడా. ఫోనులోని యాప్‌లను ఈ పనికి నేను నమ్మను.

వెలుతురు గోడలకు ఎన్నిసార్లు తగిలి తిరిగి రావాలో చెప్పే ‘ఏబీ’ విలువను 2 వద్ద ఉంచితే గది లోపలి భాగం ఉన్నదానికంటే చీకటిగా వస్తుంది. 5, 6 పెడితే సరిగ్గా వస్తుంది, కాకపోతే కంప్యూటరును రాత్రికి వదిలేయాలి. రేడియన్స్ ఉచితం, రైనోకు మాత్రం డబ్బు కట్టాలి.

నా అసలు ఫిర్యాదు బ్లైండ్ల గురించి. గదిలోని కొలత బిందువుల్లో రెండు శాతానికి మించిన వాటిపై నేరు ఎండ పడిన గంటలో బ్లైండ్లు దిగుతాయని, ఎండ పోగానే లేస్తాయని ఎల్‌ఎం-83 అనుకుంటుంది. మా ఆఫీసుల్లో ఏప్రిల్‌లో దించిన బ్లైండు వానలు మొదలయ్యేదాకా లేవదు, దాని కింద ట్యూబులైట్లు పట్టపగలు వెలుగుతుంటాయి. అందువల్ల ప్రతి భవనానికీ బ్లైండ్లు తెరిచి ఒక రన్, ఏడాది పొడవునా మూసి ఇంకొక రన్ ఇస్తున్నాను. రెండోదాంట్లో లోపలి వరుసకు 100 లక్స్ కూడా రాకపోతే కిటికీని అడ్డంగా రెండు భాగాలు చేసి, కింది భాగానికే బ్లైండు పెట్టి, పై భాగాన్ని లోతైన సజ్జ కింద తెరిచి ఉంచి మళ్లీ లెక్క వేస్తాము.